కనిపించింది గర్భసంచి, బాధించింది మూత్రం: 67 ఏళ్ళ చేపల వ్యాపారి కేసు

ఆమె వయసు 67. విశాఖపట్నం తీరంలో ఒక మత్స్యకార పేట ఆమెది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి, వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మి ఐదుగురు పిల్లలను పెంచారు. పదేళ్ళుగా మార్కెట్లో ఒకచోట కూర్చుని ఎండు నెత్తళ్ళు, ఎండు కవ్వళ్ళు అమ్ముతున్నారు. ఏప్రిల్ నెలలో కోడలిని వెంటబెట్టుకుని నా క్లినిక్‌కు వచ్చారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని మార్చాను.

మాట్లాడింది కోడలు. "మా అత్తకు గర్భసంచి జారిందమ్మా. ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పారు" అంది. అత్తగారు కుర్చీ అంచున కూర్చుని మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నారు. నేను వివరాలు అడగడం మొదలుపెట్టి ఐదు నిమిషాలైనా కాలేదు, "మరుగుదొడ్డి ఎక్కడ డాక్టరమ్మా" అంటూ లేచారు. అక్కడికి చేరేలోపే చీర తడిసింది. తిరిగి వచ్చాక కూర్చోమంటే కూర్చోలేదు. కుర్చీ పాడవుతుందని చివరి దాకా గోడకు ఆనుకునే నిలబడ్డారు.

ఆ నిలబడటంలోనే కేసంతా ఉంది. నేను మాత్రం వెంటనే అందుకోలేదు. నా చూపు జారిన గర్భసంచి మీదే ఉంది. ఆపరేషన్‌కు ముందు చేయించాల్సిన పరీక్షల చీటీ సగం రాసేశాను కూడా. కలం ఆపి, "అమ్మా, ఇన్ని బాధల్లో ఏది తగ్గితే చాలనుకుంటున్నారు?" అని అడిగాను. కోడలు జవాబు చెప్పబోతే ఆగమన్నాను.

"సంచి సంగతి ఆరేళ్ళుగా నాకు అలవాటే. నెట్టుకుంటే లోపలికి పోతుంది. ఈ మూత్రమే నన్ను తినేస్తోంది. తడి చీరతో దేవుడి గదిలోకి ఎలా వెళ్ళను? దీపం పెట్టి ఏడు నెలలైంది. మార్గశిరంలో బురుజుపేట అమ్మవారి దగ్గరకు కూడా వెళ్ళలేదు" అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు గొంతు తగ్గిపోయింది.

జారడం ఆరేళ్ళ నాటిది. మూత్రం ఆగకపోవడం ఏడు నెలల నాటిది. యోని ముందు గోడతో పాటు మూత్రాశయం కిందికి దిగితే మూత్రపు ఆత్రం, అంటే ఆపుకోలేని తొందర, రావచ్చు, నిజమే. కానీ ఐదేళ్ళకు పైగా రానిది ఏడు నెలల కిందట ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా కత్తి మాట ఎత్తకూడదనుకుని ఆ చీటీ పక్కన పెట్టాను.

చరిత్ర

ఐదు కాన్పులూ ఇంట్లోనే, మంత్రసాని చేతి మీద. మొదటిది 17 ఏళ్ళకు. మూడో బిడ్డకు రెండు రోజులు నొప్పులు పడ్డారు. ప్రతి కాన్పు తర్వాతా నెల తిరగకముందే మళ్ళీ తట్ట ఎత్తారు. 46 ఏళ్ళకు ముట్లు ఆగిపోయాయి. తట్ట నిండితే 20 కిలోలకు పైనే ఉంటుంది. మలబద్ధకం ఉంది, గట్టిగా ముక్కితే గానీ విరేచనం కాదు. రాత్రీ పగలూ దగ్గు. ఎందుకని అడిగితే కోడలే చెప్పింది: చుట్ట. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఇంకా ఉంది. దగ్గినప్పుడల్లా గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింది నుంచి మోసే కటి కండరాల మీద ఒక దెబ్బ పడుతుంది, అందుకని ఇక్కడ చుట్ట గురించి కూడా అడగాలి. నోరు తెరిపించి అంగిలి చూశాను. తెల్లగా మందంగా మారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలున్నాయి. దంత వైద్యుల దగ్గరకు పంపాను. వాళ్ళు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించారు. క్యాన్సర్ లేదు, కానీ చూపించుకుంటూ ఉండాలి.

ఏడు నెలల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ అంటూ మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడారు. మూత్రంలో క్రిములున్నాయో లేదో తేల్చే కల్చర్ ఒక్కసారైనా చేయించిన కాగితం లేదు. తర్వాత ఇంకొకచోట మూత్రపు ఆత్రం తగ్గడానికి ఆక్సీబ్యుటినిన్ అనే మందు మొదలుపెట్టారు. దానితో నోరు పిడచకట్టుకుపోయేది, మలబద్ధకం పెరిగింది. "డబ్బులు లెక్కపెట్టేటప్పుడు తడబడుతున్నారు" అని కోడలు అంది. ఈ మందు వృద్ధుల్లో మతిమరుపును, తికమకను పెంచగలదు. తూకం వేసి చిల్లర లెక్కపెట్టి బతికే మనిషికి ఆ తడబాటు చిన్న నష్టం కాదు. ఆ రోజే ఆపేయించాను.

ఇక నీళ్ళు. మార్కెట్లో ఆమె కూర్చునే చోటికి మరుగుదొడ్డి దూరం. అందుకని మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగరు. ఇంటికి వచ్చాక చెంబులకు చెంబులు తాగుతారు. మధ్యలో ఐదు టీలు. పొద్దున చిక్కబడిన మూత్రం మంటపెడుతుంది, రాత్రి తాగినదంతా నిద్ర లేపుతుంది.

పరీక్షలో

మొదట పడుకోబెట్టి చూస్తే చెప్పుకోదగ్గంతగా ఏమీ కనిపించలేదు. ముందు గోడ కొద్దిగా దిగింది, అంతే. ఇలాంటి చోట చాలామంది "పెద్దగా లేదు" అని పంపించేస్తారు. పొద్దున పది గంటలకు, పడుకున్న మనిషిలో జారుడు ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. ఆమెను నిలబెట్టి, ఒక కాలు పీట మీద పెట్టించి, గట్టిగా దగ్గమన్నాను. నిమ్మకాయంత గోళం బయటికి వచ్చింది. కొలిస్తే ముందు గోడ కన్నెపొర గీత దాటి 3 సెంటీమీటర్లు, గర్భాశయ ముఖం 1 సెంటీమీటరు బయట ఉన్నాయి. వెనుక గోడ గీతకు 1 సెంటీమీటరు ఎగువనే ఆగింది. జారుడును కొలవడానికి 1996 నుంచి వాడుకలో ఉన్న పాప్-క్యూ పద్ధతి ప్రకారం ఇది మూడో దశ.

ఆ గోళం మీద ఒకటిన్నర సెంటీమీటర్ల పుండు. కారణం ఆమే చెప్పారు: జారినది బయటికి రాకుండా పాత చీర గుడ్డను ఉండలా చుట్టి, గోచీలా బిగించి కట్టుకునేవారు. ఆరేళ్ళ ఒరిపిడి అది. యోని గోడలు పలుచబడి, పాలిపోయి ఉన్నాయి. పైగా దురద, పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట. కటి కండరాలు బిగించమంటే వేలికి తెలిసీ తెలియని చిన్న కదలిక. ఐదుకు ఒకటి అని రాసుకున్నాను.

మూత్రానికి వెళ్ళి వచ్చాక స్కాన్ చేస్తే 130 మిల్లీలీటర్లు లోపలే మిగిలింది. వేలితో గోళాన్ని లోపలికి నెట్టుకుని మళ్ళీ వెళ్ళమన్నాను. ఈసారి మిగిలింది 40. అంటే జారుడు మూత్రానికి కొంత అడ్డుపడుతోంది. ఇంత మిగులుతున్న మనిషికి మూత్రాశయాన్ని సడలించే ఆక్సీబ్యుటినిన్ ఇవ్వడం ఆ కోణంలో కూడా సరికాదు. గోళాన్ని లోపల పట్టి ఉంచి దగ్గించినప్పుడు నాలుగు చుక్కలు కారాయి. జారిన మూత్రాశయం మడత పడి ఈ లీకును ఇన్నాళ్ళూ దాచిపెట్టింది. దాన్ని పైకి లేపితే, జారినది దిగకుండా యోనిలో పెట్టే రింగుతో అయినా ఆపరేషన్‌తో అయినా, దగ్గినప్పుడు కారడం కొత్తగా మొదలుకావచ్చు. ఈ సంగతి ముందే చెప్పాను. ముందు చెబితే వివరణ అవుతుంది, తర్వాత చెబితే సాకు అవుతుంది.

గర్భసంచి లోపలి పొర మందం 3 మిల్లీమీటర్లు. రక్తస్రావం లేదు. గర్భాశయ ముఖ క్యాన్సర్ కోసం చేసే పాప్ పరీక్ష మామూలుగానే వచ్చింది. మూత్రంలో రక్తం లేదు, కల్చర్‌లో క్రిములు పెరగలేదు. రక్తపోటు 164/92. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి.

ఒక రిపోర్టు దగ్గర ఆగాను. పరగడుపు షుగర్ 132, మూడు నెలల సగటు 7.4. అయినా మూత్రంలో చక్కెర నాలుగు ప్లస్‌లు. రక్తంలో ఇంత తక్కువగా ఉన్నప్పుడు మూత్రంలో అంత చక్కెర ఎలా వచ్చింది? మందులన్నీ తెమ్మన్నాను. మరుసటి రోజు కోడలు ఒక ప్లాస్టిక్ సంచీని నా బల్ల మీద బోర్లించింది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ 10, ఒక గ్యాస్ మాత్ర, వాటి అడుగున ఇంకో షుగర్ మందు, డాపాగ్లిఫ్లోజిన్ 10. "ఇది ఎప్పటి నుంచి?" అని అడిగితే చీటీ తీసి చూపించింది. ఎనిమిది నెలలు.

ఈ మందు పని చేసే తీరే చక్కెరను మూత్రంలోకి నెట్టడం. చక్కెర తనతో నీటిని లాక్కుపోతుంది, మూత్రం ఎక్కువవుతుంది. చక్కెర తగిలే చోట ఫంగస్ పెరుగుతుంది, అదే ఆమె దురద. 2020లో పేటెంటు గడువు తీరాక మన దగ్గర ఇది చవకగా దొరుకుతోంది, వాడకం బాగా పెరిగింది. గుండెకూ, కిడ్నీలకూ మేలు చేసే మంచి మందు. దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మూత్రాశయం దిగజారి, బిగించే కండరాలు లేని పెద్దావిడకు రోజుకు ఇంకో మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల మూత్రం చేర్చితే ఏమవుతుందో ఎవరైనా ఒకసారి ఆలోచించాల్సింది. షుగర్ చూసే డాక్టరుకు జారుడు సంగతి ఆమె చెప్పలేదు, సిగ్గుపడ్డారు. ఆయన అడగలేదు.

చింతపిక్కల లెక్క

ఎన్నిసార్లు, ఎంత మూత్రం వెళ్ళిందో, ఎప్పుడు కారిందో రాసే మూత్రాశయం డైరీ కనీసం మూడు రోజులు రాయాలి. ఆమెకు చదువు రాదు. పట్టిక కాగితం ఇస్తే మడిచి కొంగున కట్టుకున్నారు, మళ్ళీ విప్పరని అర్థమైంది. "వ్యాపారంలో లెక్క ఎలా గుర్తుపెట్టుకుంటారు?" అని అడిగాను. "చింతపిక్కలు" అన్నారు. సరే, అదే చేద్దామన్నాను. రెండు స్టీలు గ్లాసులు, ఒకటి పగటికి, ఒకటి రాత్రికి. వెళ్ళిన ప్రతిసారీ ఒక పిక్క. దారిలో తడిస్తే ఒక గవ్వ. గీతలున్న ప్లాస్టిక్ మగ్గులో పట్టి కొలిచి, ఆ అంకెను కోడలు క్యాలెండరు వెనుక రాసేది.

మూడు రోజుల తర్వాత గ్లాసులు తెచ్చి నా ముందు వంచారు. సగటున పగలు 12 పిక్కలు, రాత్రి 3, గవ్వలు 4. రోజు మొత్తం 2,650 మిల్లీలీటర్లు, అందులో వెయ్యి దాకా రాత్రిదీ పొద్దున లేచి వెళ్ళే మొదటిదీ కలిపి. ఈ వయసులో రాత్రి భాగం మూడో వంతు దాటితే మూత్రాశయాన్ని అనడం కాదు, ఒంట్లో నీరు ఎప్పుడు ఎక్కడ చేరుతోందో చూడాలి. పగలంతా పాదాల్లో నిలిచిన నీరు పడుకోగానే కిడ్నీలకు చేరుతుంది. ఆ వాపులో ఆమ్లోడిపిన్‌కు భాగముంది.

చేసినవి

షుగర్ డాక్టరుగారితో ఫోనులో మాట్లాడాను. ఆమె గుండె స్కాన్ బాగుంది, మూత్రంలో ఆల్బుమిన్ లేదు, కిడ్నీలు సరిగానే ఉన్నాయి. అందువల్ల డాపాగ్లిఫ్లోజిన్ మార్చడానికి ఆయన ఒప్పుకుని, చక్కెరను మూత్రంలోకి నెట్టని లినాగ్లిప్టిన్ ఇచ్చారు. ఆమ్లోడిపిన్‌ను 5కు తగ్గించి రక్తపోటుకే టెల్మిసార్టాన్ 40 చేర్చారు. గుండె బలహీనంగా ఉన్న మనిషై ఉంటే ఈ మార్పు జరిగేది కాదు, జరగకూడదు కూడా. తమంతట తాము ఏ మాత్రా మానవద్దని ఆ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.

ఫంగస్‌కు క్లోట్రిమాజోల్ యోని మాత్రలు 6 రాత్రులు. ఆ తర్వాత పలుచబడిన యోని గోడలకు ఈస్ట్రియాల్ అనే హార్మోన్ క్రీము రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ చరిత్ర లేదని అంతకుముందే అడిగి తెలుసుకున్నాను. గుడ్డ ఉండ మానిపించి, జారినది లోపలే ఉండేలా క్రీము రాసిన గాజుగుడ్డ పెట్టాను, రోజూ మార్చడం కోడలికి నేర్పాను. పుండు మూడు వారాల్లో మానింది. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపేదాన్ని.

విరేచనానికి ఇసబ్‌గోల్. నీళ్ళు పొద్దున నుంచే కొద్దికొద్దిగా, సాయంత్రం ఆరు దాటాక తగ్గించడం. టీలు రెండు. మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు దిండు మీద ఎత్తి పడుకోవడం. తట్ట మోయవద్దని చెప్పలేదు. చెబితే మరోసారి రారు. ఒక తట్టను రెండు చేసుకోవాలి, ఇంకొకరి చెయ్యి పట్టించుకోవాలి, ఎత్తే ముందు కింద బిగించి ఊపిరి వదులుతూ లేపాలి అని చేసి చూపించాను. చుట్ట విషయంలో నేను పూర్తిగా గెలవలేదు. రోజుకు ఆరు నుంచి రెండుకు వచ్చాయి.

ఆపరేషన్ గురించి కోడలు మళ్ళీ అడిగింది. పెద్దావిడ చెల్లెలికి 34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారట. "అయినా ఏదో కిందికి దిగుతోందంటోంది, తీసేశాక దిగడానికి ఏముంటుందమ్మా?" అంది. ఉట్టి ఉపమానం చెప్పాను. ఉట్టి తాళ్ళు సాగితే కుండ కిందికి దిగుతుంది. కుండ తీసేసినంత మాత్రాన తాళ్ళు బిగుసుకోవు. గర్భసంచి తీసినా, యోని పై కప్పును స్నాయువులకు కట్టకపోతే ఆ కప్పే జారుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. వయసు రాకముందే అనవసరంగా జరిగిన ఆపరేషన్ల బరువు ముసలితనంలో ఇలా బయటపడుతుంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఈమెకు ఆపరేషన్ తలుపు మూయలేదు. రింగు కుదరకపోతే కింది నుంచి గర్భసంచి తీసి గోడలు బిగించి, కప్పును కట్టవచ్చని చెప్పాను.

మే నెల మధ్యలో రింగు పెట్టాం. నడుమ పొర ఉన్న సిలికాన్ రింగు. మొదట పెట్టిన 65 మిల్లీమీటర్లది మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని దగ్గగానే ఊడి పడింది. 70 నిలిచింది. రింగుకూ గోడకూ మధ్య వేలు తిరిగే చోటుండాలి. పెట్టీ పెట్టగానే ఇంటికి పంపలేదు. రెండుసార్లు మెట్లు ఎక్కి దిగారు, గొంతుక్కూర్చున్నారు, దగ్గారు, మూత్రానికి వెళ్ళి వచ్చారు. స్కాన్‌లో మిగిలింది 35. అప్పుడు పంపాను.

వేళ్ళు కీళ్ళవాతంతో వంకర తిరిగి ఉన్నాయి, రింగు పట్టుకుని లాగడం కష్టం. దారం కడదామన్నాను. "నేను కడతానమ్మా" అని నైలాన్ దారం తీసుకున్నారు. వల ముడి వేశారు. ఎంత లాగినా సడలని, గరుకు లేని చిన్న ముడి. నేను వేసి ఉంటే అలా వచ్చేది కాదు. వారానికి ఒక రాత్రి తీసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పొద్దున పెట్టుకోవాలి. రక్తం కనిపించినా, దుర్వాసన వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా వెంటనే రావాలి. నా శిక్షణ రోజుల్లో, ఏళ్ళ తరబడి లోపల మరచిపోయిన రింగు మూత్రాశయంలోకి కోసుకుపోయిన ఒక వృద్ధురాలిని చూశాను. రింగు పెట్టిన ప్రతి మనిషి పేరూ నేను పుస్తకంలో విడిగా రాసుకోవడం అప్పటి నుంచే.

కండరాల వ్యాయామం నేర్పడానికి మాటలు చాలవు. బిగించమంటే తొంభై శాతం మంది కిందికి ముక్కుతారనిపిస్తుంది నాకు. ఆమె కూడా ముక్కారు. "నలుగురిలో ఉన్నప్పుడు గాలి ఆపుకోవాల్సి వస్తే ఏం చేస్తారు?" అన్నాను. నవ్వారు, వెంటనే వేలి కింద కండరం పైకి లేచింది. అదే అన్నాను. ఒకసారికి 8 బిగింపులు, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే అది గట్టిపడకూడదు.

ఆత్రం వచ్చినప్పుడు పరుగెత్తవద్దన్నాను. పరుగెత్తే దారిలోనే తడుస్తుంది. ఉన్నచోటే ఆగి, ఐదారుసార్లు గబగబా బిగించి, ఆత్రం తగ్గాక నడిచి వెళ్ళాలి. "అల లాంటిదమ్మా, వస్తుంది, పోతుంది" అన్నాను. "అల వచ్చినప్పుడు తెప్ప తిప్పకూడదు" అన్నారామె. ముప్పావు గంటకోసారి వెళ్ళడం దగ్గర మొదలుపెట్టి వారానికి పావు గంట చొప్పున పెంచుకుంటూ పోయాం.

ఆ తర్వాత

ఆరు వారాలకు పగలు 9, రాత్రి 2, రోజుకు ఒక గవ్వ. రోజు మొత్తం 2,050 మిల్లీలీటర్లు. ముందే చెప్పినట్టు దగ్గితే రెండు చుక్కలు కారుతున్నాయి. దగ్గే ముందు బిగించడం అలవాటయ్యాక అది తగ్గింది. ఆత్రం మాత్రం ఇంకా మిగిలింది. రక్తపోటు 134/80కు వచ్చింది, స్కాన్‌లో మిగులు లేదు కాబట్టి ఆత్రాన్ని తగ్గించే మిరాబెగ్రాన్ 25 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చాం. రక్తపోటు అదుపులో లేనంతకాలం దాని జోలికి పోలేదు. మూడు నెలలకు పగలు 8, రాత్రి ఒకటి రెండు, వారానికి రెండు గవ్వలు. ఖరీదు ఎక్కువవుతోందని ఆమే అడిగితే ఆపాం. లెక్క పెరగలేదు.

డిసెంబరులో మార్గశిర గురువారం బురుజుపేట వెళ్ళి వచ్చారు. కనకమహాలక్ష్మి అమ్మవారికి ఎవరి పూజ వారే చేసుకుంటారు. అందుకే ఆమెకు ఒళ్ళు శుభ్రంగా ఉండటం అంత పట్టింపు. వరుసలో నిలబడ్డప్పుడు రెండుసార్లు ఆత్రం వచ్చిందట. కదలకుండా నిలబడి బిగించారట. పసుపు కుంకుమ నాకూ తెచ్చారు.

జనవరిలో కొద్దిగా రక్తపు మరక కనిపించిందని వచ్చారు. వెనుక గోడ మీద సెంటీమీటరు ఒరిపిడి. పండుగ రోజుల్లో ఊడదీస్తే మళ్ళీ పెట్టుకోలేనేమోనన్న భయంతో ఏడు వారాలు రింగు తీయలేదు. రింగు తీసి పక్కన పెట్టించి, రెండు వారాలు రోజూ ఈస్ట్రియాల్ రాయించాను. ఆ రెండు వారాలూ గోళం మళ్ళీ బయటికి వచ్చింది, స్కాన్‌లో మిగులు 110 దాకా పెరిగింది. చింతపిక్కలు మళ్ళీ లెక్కపెట్టించాను. పగలు 10, రాత్రి 2, గవ్వలు వారానికి మూడు. గర్భసంచి మొదటి రోజంతే దిగి ఉంది, మూత్రం మాత్రం మొదటి రోజులా లేదు.

పుండు మానాక అదే 70 మిల్లీమీటర్ల రింగు, కొత్త దారంతో తిరిగి పెట్టుకున్నారు. ఆదివారం రాత్రి తీయడం గుర్తుచేసే పని కోడలు తీసుకుంది. ఏప్రిల్‌లో మళ్ళీ రమ్మన్నాను, గ్లాసులు రెండూ తెమ్మన్నాను. ఆపరేషన్ మాట ఈసారి వాళ్ళు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెల్లెలిని కూడా వెంటబెట్టుకు వస్తానన్నారు.